నేను దాఖలు చేసిన వాటా పుస్తకం

శిక్ష పడ్డాక వచ్చే కేసు అంటే సంత ఎత్తేశాక వచ్చిన బేరం లాంటిది. మంచి సరుకు పోయింది, త్రాసు సర్దేశారు, నేలమీద ఉల్లిపొట్టు మిగిలింది. ఆ పొట్టులోంచి ఒక్క గట్టి పాయ ఏరి చూపించాలి. ముప్పై నాలుగేళ్ళు ఏలూరులో నేను చేసిన పని అదే. అప్పీళ్ళు, శిక్ష నిలుపుదల పిటిషన్లు, పెరోళ్ళు, ముందస్తు విడుదల దరఖాస్తులు. కొత్తగా కోటు వేసుకున్నవాళ్ళు ఈ శాఖలోకి రావాలంటే భయపడతారు. భయపడకండి. వకీలు వృత్తిలో ఇంత సరదా అయిన పని ఇంకొకటి లేదు. అందరూ అయిపోయిందన్న చోట మనం మొదలెడతాం. అందులో ఉన్న మజా చెప్తే అర్థం కాదు.

నేను తాడేపల్లిగూడెంలో మా నాన్నగారి ఉల్లిపాయల కొట్టు గద్దె పక్కన పెరిగినవాణ్ణి. మాటలకంటే ముందు బేరం నేర్చుకున్నాను. బస్తా పైన నాలుగు నిగనిగలాడే పాయలు పేర్చడం, కొనేవాడు ఎక్కువ అడుగుతాడని ముందే తెలిసి ఇంకా ఎక్కువ చెప్పడం, అవసరమైతే లేచి వెళ్ళిపోతున్నట్టు నటించడం, ఈ మూడే నా చదువు. న్యాయశాస్త్రం తర్వాత దానిమీద చల్లిన ఉప్పు. ఈ మూడూ నన్ను ఎలా ముంచాయో ఒక్క కేసులో చెప్తాను. ఆ కేసు చాలు. మిగతావి దీని చుట్టాలే.

బస్తా పైన పాయలు

కొల్లేరులో ఒక లంక గ్రామం. పేరు రాయను, వాళ్ళు నన్ను ఇప్పటికీ చేపల పులుసుకి పిలుస్తారు. ఆ ఊళ్ళో ఒక ఉమ్మడి చేపల చెరువుంది. తూము తెరవడం దగ్గర రెండు వర్గాలకు మాటా మాటా పెరిగి, గట్టుమీద దోనెలు తోసే గెడలు లేచాయి. ఒకతను చనిపోయాడు. ఇద్దరు పిల్లల తండ్రి. అతన్ని మరిచిపోయి ఈ కథ సరదాగా చదవకండి, నేనూ మరిచిపోయి రాయడం లేదు. నలుగురిమీద కేసు పెట్టారు. నాలుగో ముద్దాయి ఏడుకొండలు. చేతిలో గెడ ఉంది, గట్టుమీద ఉన్నాడు. దెబ్బ ఎవరిదో తేలలేదు, అందరి ఉద్దేశం ఒకటేనన్నారు, నలుగురికీ యావజ్జీవం.

ఈ ఒక్క కేసులో విచారణ నుంచీ వాడి వకీలుని నేనే. అప్పుడు నేనొక గొప్ప పని చేశాననుకున్నాను. ఆ ఊరి మత్స్యకారుల సంఘం వాళ్ళ దగ్గర ఒక వాటా పుస్తకం ఉండేది. ఊరి చెరువులో ఎవరెవరికి వాటా ఉందో అందులో రాసి ఉంటుంది. ఎర్ర అట్ట, బంగారు రంగు అక్షరాలు. అందులో ఏడుకొండలు పేరు ఉంది. వాటా దొరికినవాడికి గొడవ పడే అవసరం ఏముంది అని వాదించడానికి ఆ పుస్తకాన్ని మా తరఫు పత్రంగా దాఖలు చేశాను. కోర్టు అట్ట చూసి మెచ్చుకుంటుందని నా నమ్మకం. కోర్టు అట్ట చూడలేదు. వాడి పేరు పక్కన రాసిన వయసు చూసింది. పద్దెనిమిది. నిండు మనిషి, తెలిసి చేసిన పని అని తీర్పులో రాసుకుంది.

హైకోర్టులో అప్పీలు పోయింది. కేసు కట్ట మూటగట్టి అటక మీద పెట్టేశాను.

పెరోలు ఫారంలో ఒక గడి

ఏడుకొండలు తల్లి మంగమ్మ గారు నెలకోసారి వచ్చేది. ఏమైనా ఉందా అని అడిగేది, ఏమీ లేదమ్మా అనేవాణ్ణి, సరేనండి అని చేపలు నా గుమ్మంలో పెట్టి వెళ్ళేది. ఇలా ఏళ్ళు గడిచాయి. ఏలూరు వకీళ్ళలో కేసు ఓడిపోయి చేపలు తిన్నవాణ్ణి నేనొక్కడినే.

ఒకసారి వాడికి పెరోలు దరఖాస్తు నింపుతున్నాను. వయసు అన్న గడి దగ్గర, నేరం నాటికి పద్దెనిమిది కదా, ఇప్పటికి ఎంతవుతుందా అని వేళ్ళమీద లెక్కపెడుతున్నాను. ఆవిడ నన్ను చూసి నవ్వింది. కొడుకు గురించి గొప్పగా చెప్పుకునే నవ్వు.

"ఆ ఏడు మావాడికి పదహారు దాటి నాలుగు నెలలేనండీ. అయినా గెడ వేశాడు."

కలం కింద పెట్టాను.

"పదహారా? పుస్తకంలో పద్దెనిమిది ఉంది కదమ్మా."

"పుస్తకంలో ఉంటదండీ. అది పుస్తకం వయసు."

అప్పుడు ఆవిడ చెప్పింది. ఆ ఊళ్ళో వాటాకు ఏళ్ళు చూడరు. కుర్రాడు దోనెలో నిలబడి, మనిషంత ఎత్తు బస్తాలు వేసుకుని, ఒక్కడే గెడ వేస్తూ కాలువ అవతలి గట్టుకి వెళ్ళి తిరిగి రావాలి. పెద్దలు ఇవతల నిలబడి చూస్తారు. నీళ్ళు లోపలికి రాకుండా వస్తే వాడు పెద్దవాడు, వాటా ఇస్తారు. పుస్తకంలో పద్దెనిమిది రాస్తారు, ఎందుకంటే సంఘం నిబంధనలో అలా ఉంది. ఏడుకొండలు పదహారో ఏడు నిండగానే వేసేశాడు.

నా తల తిరిగింది. ఆనందంతో. చట్టం ఏమంటుందో మీకు చెప్పాలి. నేరం జరిగిన రోజుకు పద్దెనిమిది నిండలేదని ఏ దశలోనైనా, అంతిమ తీర్పు వచ్చేసినా సరే, ఏ కోర్టులోనైనా అడగవచ్చు. నిజమని తేలితే అప్పటి చట్టం ప్రకారం మూడేళ్ళకు మించి ఉంచడానికి వీల్లేదు. వాడు అప్పటికి ఏడేళ్ళకు పైగా లోపలున్నాడు. నాలుగేళ్ళు ఎక్కువ. మంగమ్మ గారికి ఇది చెప్పడానికి కుర్చీలోంచి లేచిన ఊపుకి ఇంకు సీసా బోర్లాపడింది. ఆవిడ ఇంకు తుడుస్తూ, అయితే ఇప్పుడొస్తాడాండీ అని అడిగింది. అప్పుడు నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. పద్దెనిమిది అన్న పత్రం కోర్టుకిచ్చింది పోలీసులు కాదు. నేను.

రంగారావు గారి ఎర్ర పెన్సిలు

మా సీనియర్ రంగారావు గారు అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళవారు. కోర్టుకు రావడం మానేసి, ఇంట్లో కూర్చుని ఇతరుల పిటిషన్లలో తప్పులు పట్టుకునేవారు. నేను పిటిషను రాసుకెళ్ళాను. మా నాన్నగారి పద్ధతిలో రాశాను. ఒకటి, మైనరు కాబట్టి వదిలేయండి. అది కుదరకపోతే శిక్ష తగ్గించండి. అదీ కుదరకపోతే ముందస్తు విడుదలకు సిఫార్సు చేయండి. కనీసం పెరోలు ఇప్పించండి.

ఆయన చదివి, ఎర్ర పెన్సిలు తీసి, ఒకటో దాన్ని వదిలేసి మిగతా మూడూ కొట్టేశారు.

"ఇది పిటిషనా, కొట్టా? నీకే నమ్మకం లేనట్టుంది. వాడు మైనరయితే బయటికి రావాలి. కాకపోతే లోపల ఉండాలి. మధ్యలో నీకు కొసరేమిటయ్యా?"

వృత్తిలో నాకు చెప్పిన మాటల్లో నేను చొక్కా జేబులో పెట్టుకుని తిరిగిన మాట ఇదే. అప్పీలులో శిక్ష తగ్గించమని అడగవచ్చు, అది వేరే. చట్టం ఒక హక్కు ఇచ్చినప్పుడు తగ్గింపు ధర చెప్పకూడదు. చెప్పామా, ఎదుటివాడు ఆ ధర దగ్గరే మొదలెడతాడు.

తర్వాత ఆయన అసలు దెబ్బ వేశారు. పుస్తకం నువ్వే ఇచ్చావు కాబట్టి నువ్వు వకీలుగా ఉండకూడదు, సాక్షిగా బోనెక్కి చెప్పాలి అన్నారు. మరి కేసు ఎవరు నడుపుతారండీ అన్నాను. ఆయన బీరువా తీసి, నాఫ్తలీన్ ఉండల వాసన కొట్టే గౌను బయటికి తీశారు. నన్ను ప్రశ్నించే అవకాశం కోసం ముప్పై ఏళ్ళుగా కాచుకున్న మనిషి ముఖంలా ఉంది ఆయన ముఖం.

నేను లేచి వెళ్ళిపోయాను, ఎవరూ పిలవలేదు

పిటిషనుకి ఏడుకొండలు సంతకం కావాలి. రాజమండ్రి జైలుకు వెళ్ళాను. వాడు వినీ వినగానే పెట్టనన్నాడు.

"చిన్నోణ్ణంటే వాటా తీసేస్తారండి. మా అమ్మ ఏం తింటాది? అదీగాక నేను గెడ వేసింది అబద్ధం అయిపోద్ది."

యావజ్జీవం మోస్తున్న మనిషి చెప్పే మాటేనా ఇది అని మీరనుకుంటారు. లోపలికి వెళ్ళినవాడు తనకు బయట మిగిలిన పరువు ఎంత చిన్నదైతే అంత గట్టిగా పట్టుకుంటాడు. ఇది మీకు ప్రతి కేసులోనూ తగులుతుంది. నేను అన్ని బేరాలూ ఆడాను. ఒక్కటీ పారలేదు. తర్వాతి వారం మంగమ్మ గారిని తీసుకెళ్ళాను. ఆవిడ ఖైదీలతో మాట్లాడే ఇనుప జాలీ దగ్గరకెళ్ళి ఒకే మాట అంది.

"నీ వాటా చేపలు నేనొక్కదాన్నే తినలేక ఊరంతా పంచుతున్నాను, ఈ లాయరు గారికి కూడా. వచ్చి నువ్వే తిను. సంతకం పెట్టు."

పెట్టాడు. కానీ వాటా పోతుందన్న దిగులు వాడి ముఖంలో అలాగే ఉంది.

ఇక ఊరి పెద్ద భద్రయ్య గారు. కాలువ గట్టున నిలబడి గెడ పరీక్ష చూసింది, పుస్తకంలో పద్దెనిమిది రాయించింది ఆయనే. వయసు చూడలేదని ఆయన చెప్తే చాలు. ఆకివీడు వైపు నుంచి గట్టెక్కి, దోనె ఎక్కి లంకకు వెళ్ళాను. చెప్పులు విప్పి అరుగుమీద కూర్చున్నాను. కూల్‌డ్రింకు ఇచ్చారు. ఊరి ఆచారం మొత్తం ప్రమాణపత్రంగా రాసిమ్మని పెద్ద బేరంతో మొదలెట్టాను. ఆయన తల అడ్డంగా ఊపారు. సగానికి దిగాను. ఊపారు. ఒక్క వాక్యం చాలన్నాను.

"వాడు గెడ వేశాడండీ. పెద్దోడన్నాం. ఇప్పుడు చిన్నోడని నా నోటితో ఎట్టా చెప్తాను?"

ఇక మిగిలింది నా మూడో విద్య. చేతిసంచీ తీసుకుని లేచాను. వస్తానండీ అని గంభీరంగా నడిచాను. మా కొట్లో అయితే పది అడుగులు వేసేలోగా వెనక్కి పిలవాలి. పది వేశాను. ఇరవై వేశాను. గట్టు చివరిదాకా వచ్చేశాను. పెలికాన్లు తప్ప ఎవరూ చూడటం లేదు. దోనె దగ్గరికి వచ్చాక వెనక నుంచి భద్రయ్య గారి పిలుపు వినబడింది. గుండె గంతేసింది. తాపీగా తిరిగాను.

"లాయరు గారూ, చెప్పులు మర్చిపోయారండీ."

ఎవరినైనా సాక్ష్యం కోసం బతిమాలడానికి వెళ్ళినప్పుడు చెప్పులు కాళ్ళకే ఉంచుకోండి. ఇది నా సీరియస్ సలహా.

ఎరువుల సంచీలో రిజిస్టరు

ఈ కేసు నిలబడింది ఒక టీచరు గారి వల్ల. సుగుణమ్మ గారు. ఆ లంకలో ఎప్పుడో మూసేసిన ప్రాథమిక పాఠశాలలో ఆమె హెడ్మాస్టరు. ఇప్పుడు వట్లూరులో కూతురి దగ్గర ఉన్నారు. చట్టం వయసుకు మొట్టమొదట అడిగేది బడి రికార్డునే. బడి లేదు, పైగా కొల్లేరు పొంగినప్పుడల్లా మునిగే ఊరు. రిజిస్టరు ఉంటుందన్న ఆశ నాకు లేదు. వెళ్ళి అడిగితే ఆమె నన్ను పిల్లాణ్ణి చూసినట్టు చూశారు.

నీళ్ళొస్తాయని తెలిసిన ఊళ్ళో బడి పుస్తకాలు నేలమీద పెట్టేవాళ్ళు ఎవరుంటారండీ అన్నారు. ప్రతి జూన్‌లో రిజిస్టర్లన్నీ ఎరువుల సంచీలో పెట్టి, మూతి కట్టి, దూలానికి వేలాడదీసేవారట. బడి మూసేశాక ఆ సంచీ అలాగే దగ్గరి పెద్ద బడికి వెళ్ళింది. వెళ్ళి చూస్తే అక్కడి సామాన్ల గదిలో అలాగే వేలాడుతోంది. విప్పాను. ఒకటో తరగతిలో ఏడుకొండలు. పుట్టిన తేదీ, తండ్రి వేలిముద్ర, టీచరు గారి సంతకం. మంగమ్మ గారి లెక్క ఒక్క రోజు కూడా తప్పు కాదు. సంచీ తడిసిన వాసన వేస్తోంది, నేను దాన్ని ముద్దుపెట్టుకోబోయి ఆగాను. అటెండరు చూస్తున్నాడు.

బోనులో వకీలు

హైకోర్టు వయసు మీద విచారణ జరిపి నివేదిక పంపమని ఏలూరు కోర్టుకి చెప్పింది. టీచరు గారు సాక్ష్యం ఇచ్చారు, ఆమెను ఎవరూ కదపలేకపోయారు. తర్వాత నేను. ముప్పై ఏళ్ళు ఇతరులను ఎక్కించిన బోను చాలా ఇరుకుగా ఉంటుందని అప్పుడే తెలిసింది. రంగారావు గారు పుస్తకం ఎందుకు దాఖలు చేశావని అడిగారు, చెప్పాను. ఆ తర్వాత పబ్లిక్ ప్రాసిక్యూటర్ విశ్వనాథం గారు లేచారు. మేమిద్దరం రోజూ బార్ రూంలో ఒకే టిఫిను పంచుకుంటాం. ఆయన ఆ రోజు టిఫిను కూడా తినలేదు, ఈ ఘట్టం కోసం ఆకలి దాచుకున్నారు.

"అప్పుడు అబద్ధపు పత్రం ఇచ్చారా, ఇప్పుడు అబద్ధం చెప్తున్నారా?"

"రెండూ కాదండీ. వయసు అడగలేదు."

"పుస్తకంలో ఆ పేజీ కాక ఇంకేదైనా పేజీ తిప్పి చూశారా?"

"లేదండీ."

"ఎందుకు చూడలేదు?"

"అట్ట బాగుందండీ."

కోర్టంతా నవ్వింది. జడ్జిగారు తల దించుకుని ఏదో రాస్తున్నట్టు నటించారు. నాకు సిగ్గు వేయలేదు. ఆశ్చర్యంగా, తేలిగ్గా అనిపించింది. ఎన్నో ఏళ్ళుగా పైన పేర్చిన నాలుగు పాయల కింద ఏముందో మొదటిసారి నేనే బస్తా కుమ్మరించి చూపించాను. చేసిన తప్పును వకీలు ఒప్పుకుంటే పేరు పోతుందని మీకు చెప్తారు. కొంత పోతుంది. పోయిన చోట క్లయింటు నిలబడతాడు.

కానీ విశ్వనాథం గారు గట్టివారు. పుస్తకం నిజమని నిరూపించడానికి ప్రభుత్వం తరఫున భద్రయ్య గారికే సమన్లు ఇప్పించారు. నేను చెప్పులతో సహా నీరుగారిపోయాను. ఆయన వస్తే పద్దెనిమిదే అంటారు, అంతే.

తెల్ల పంచె కట్టుకుని భద్రయ్య గారు బోనెక్కారు. పుస్తకం ఇదేనా అంటే ఇదేనండి అన్నారు. ఏడుకొండలు వయసు పద్దెనిమిదని రాయించింది మీరేనా అంటే నేనేనండి అన్నారు. విశ్వనాథం గారు కూర్చున్నారు. రంగారావు గారు లేచారు. పుస్తకం చేతికిచ్చి, పేజీలు మొదటినుంచి తిప్పి చేరినప్పటి వయసులు చదవండి అన్నారు. భద్రయ్య గారు చదవసాగారు. పద్దెనిమిది. పద్దెనిమిది. పద్దెనిమిది. ఆ ఊళ్ళో పదిహేడేళ్ళవాడూ లేడు, పంతొమ్మిదేళ్ళవాడూ లేడు. మూడో పేజీకే జడ్జిగారు చాలన్నారు. నేను దాఖలు చేసిన పత్రమే, నేను తిప్పని పేజీలే.

"అందరికీ ఒకే వయసెందుకండీ?" అన్నారు రంగారావు గారు.

"గడి ఖాళీగా ఉంటే ఆఫీసోళ్ళు ఒప్పుకోరండి. గెడ వేసినోళ్ళందరికీ పద్దెనిమిదే వేస్తాం. నాకూ అంతే వేశారు, అప్పటికి నాకు మీసాల్లేవు."

రంగారావు గారు అక్కడ ఆగిపోవచ్చు. కేసు గెలిచింది. ఆయన ఆగలేదు. వెనక బెంచీలో ఎస్కార్టు పోలీసుల మధ్య కూర్చున్న ఏడుకొండలు వైపు ఒకసారి చూసి ఇంకొక ప్రశ్న వేశారు.

"ఈ కోర్టు వాడికి అప్పుడు పదహారేనని చెప్తే, వాడి వాటా తీసేస్తారా?"

భద్రయ్య గారికి కోపం వచ్చింది. ఆయన్ని ఎవరో తిట్టినట్టు.

"వాటా గెడకిచ్చామండి. ఏళ్ళకి కాదు."

నేను వెనక్కి తిరిగి చూశాను. ఏడుకొండలు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు, భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో పక్కనున్న కానిస్టేబులుకే తెలియలేదు. విశ్వనాథం గారు ఇంకేమీ అడగలేదు. మధ్యాహ్నం నా టిఫిను మొత్తం ఆయనే తిన్నారు.

కాయితం

హైకోర్టు ఉత్తర్వు వచ్చిన నాలుగో రోజు విడుదల. మంగమ్మ గారూ నేనూ రాజమండ్రి వెళ్ళి వాణ్ణి రైల్లో వెనక్కి తీసుకొస్తున్నాం. నేను సీట్లో కూర్చోలేకపోతున్నాను, ఉత్సాహంతో తలుపు దగ్గరికీ కిటికీ దగ్గరికీ తిరుగుతున్నాను. టీసీ రెండుసార్లు నా టికెట్టు అడిగాడు. ఏడుకొండలు మాత్రం ఉత్తర్వు నకలు చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఏవండీ, నాకిప్పుడు ఇరవై ఏడు అనుకుంటున్నాను. అంటే ఇరవై అయిదేనా?"

"ఇరవై అయిదే" అన్నాను.

వాడు వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. "అయితే రెండేళ్ళు కలిసొచ్చాయండీ."

లోపల పోయిన ఏళ్ళను వాడు లెక్కలోకే తీసుకోలేదు. కళ్ళు తుడుచుకుంటున్న మంగమ్మ గారు ఆ కాయితం కొడుకు చేతిలోంచి లాక్కుంది.

"సంబంధాలవాళ్ళకి ఇరవై అయిదనే చెప్పండి లాయరు గారూ. పుస్తకం కాదు, కోర్టు కాయితం. నకళ్ళు మూడు తీయించండి."

ఏలూరు స్టేషన్లో దిగగానే ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో ఆరు తీయించాను.